మొండికేసిన కీళ్లవాతానికి కణచికిత్స: పరీక్ష దశలో ఉన్నదాన్ని నమ్ముకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 41 సంవత్సరాలు. ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిని. తొమ్మిదేళ్లుగా, రోగనిరోధక వ్యవస్థే కీళ్ల మీద దాడిచేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో బాధపడుతున్నాను. ఆర్‌.ఎఫ్‌., యాంటీ సీసీపీ అనే యాంటీబాడీ పరీక్షలు రెండూ పాజిటివ్. మెథోట్రెక్సేట్, లెఫ్లునమైడ్ వాడాక అడాలిముమాబ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఖర్చు భరించలేక మధ్యమధ్య మానేస్తూ ఏడాదిపాటు వేయించుకున్నాను కానీ ఫలితం కనిపించలేదు. తర్వాత టోఫాసిటినిబ్ మాత్రలు ఎనిమిది నెలలు వాడినా మణికట్ల వాపు తగ్గలేదు. రోజూ 10 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ వేసుకోనిదే బోర్డు మీద సుద్దముక్కతో నాలుగు అక్షరాలు రాయలేను. ఇప్పుడు రిటుక్సిమాబ్ ఎక్కిద్దామని మా డాక్టరుగారు అంటున్నారు. ఇంతలో జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు, అక్కడ కార్-టి అనే కణచికిత్సతో ఇలాంటి జబ్బులు ఒక్క డోసుతో పోతున్నాయని ఒక వార్త పంపాడు. నగరంలోని ఒక కేంద్రం వాళ్లేమో ‘ఇమ్యూన్ సెల్ థెరపీ’ పేరుతో ఆరు లక్షల రూపాయలకు తామే చేస్తామంటున్నారు. నేను అక్కడ చేరవచ్చా? లేకపోతే జర్మనీ వెళ్లి ప్రయత్నించవచ్చా? ఈలోగా రిటుక్సిమాబ్ వేయించుకుంటే కొత్త చికిత్సకు అర్హత పోతుందేమోనని కూడా భయంగా ఉంది.

సమాధానం: అమ్మా, మీరు అడిగిన మూడింటిలో ఒకదానికి జవాబు ముందే చెప్పేస్తాను. ఆ ఆరు లక్షలు కట్టవద్దు. ఎందుకు వద్దంటున్నానో తర్వాత వివరంగా రాస్తాను. అంతకంటే ముందు మీ తమ్ముడు పంపిన వార్త సంగతి చూడాలి, ఎందుకంటే అది అబద్ధం కాదు. అయితే అందులో ఉన్నది ఒకటి, మీ ఇంట్లో అర్థం చేసుకున్నది మరొకటి.

జర్మనీలోని ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో గియోర్గ్ షెట్ నాయకత్వంలోని బృందం 2021లో, ఏ మందుకూ లొంగని లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత అవయవాల మీదే దాడిచేసే జబ్బు) ఉన్న ఒక యువతికి కార్-టి కణాలు ఎక్కించి, జబ్బు అణిగిపోయిన వైనాన్ని ప్రచురించింది. మరుసటి ఏడాది ఐదుగురు లూపస్ రోగుల ఫలితాలు వెలువడ్డాయి. 2024 ఫిబ్రవరిలో 15 మంది వివరాలు వచ్చాయి. ఆ 15 మందీ రోగనిరోధక శక్తిని అణిచే మందులన్నీ మానేయగలిగారు, స్టెరాయిడ్లతో సహా. ఈ రంగంలో ఉన్నవారికి అది మామూలు విషయం కాదు; లూపస్‌తో ఏళ్ల తరబడి నలిగిన మనిషి ఒక్క మాత్ర కూడా లేకుండా ఉండటం మేము తరచుగా చూసే దృశ్యం కాదు. కానీ ఆ పట్టికను జాగ్రత్తగా చదవండి: ఎనిమిది మంది లూపస్ రోగులు, ముగ్గురు కండరాల వాపు జబ్బు అయిన మయోసైటిస్ ఉన్నవారు, నలుగురు చర్మం బిగుసుకుపోయే సిస్టమిక్ స్క్లెరోసిస్ ఉన్నవారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవారు ఒక్కరూ లేరు. పైగా ఆ మయోసైటిస్ రోగుల్లో ఒకరికి తర్వాత జబ్బు తిరగబెట్టి, వేరే లక్ష్యంతో తయారుచేసిన కార్-టి కణాలు మళ్లీ ఇవ్వాల్సి వచ్చింది. ‘పూర్తిగా పోతున్నాయి’ అన్న మాట వార్త రాసినవారిదే తప్ప పరిశోధకులది కాదు. వారు వాడేది ‘మందులు లేకుండా ఉపశమనం’ అన్న మాట, అదీ రెండేళ్ల లోపు గమనింపు మీద ఆధారపడి.

ఈ చికిత్సలో జరిగేది ఏమిటో చెబితే మిగతావి అర్థమవుతాయి. రక్తదాన కేంద్రంలో ప్లేట్‌లెట్లు తీసే యంత్రం వంటిదానికి మిమ్మల్ని కొన్ని గంటలు కలిపి ఉంచుతారు. ఒక చేతి నుంచి రక్తం బయటికి వెళుతుంది, యంత్రం తెల్లకణాలను విడదీసి సంచిలో పట్టుకుంటుంది, మిగిలిన రక్తం రెండో చేతిలోకి తిరిగి వస్తుంది. ఆ సంచిలో ఉన్న, శత్రు కణాలను గుర్తించి చంపగల టి కణాలనే తెల్లకణాలలోకి, హాని చేయకుండా మార్చిన ఒక వైరస్ సాయంతో కొత్త జన్యువును చొప్పిస్తారు. దానివల్ల ఆ కణాలు తమ ఉపరితలం మీద ఒక గ్రాహకాన్ని మొలిపించుకుంటాయి. అది యాంటీబాడీలను తయారుచేసే వంశానికి చెందిన బి కణాల మీద ఉండే సీడీ19 అనే గుర్తును పట్టుకుంటుంది. అలా మార్చిన కణాలను ప్రయోగశాలలో పెంచి, ఎర్లాంగెన్‌లో ఇచ్చిన మోతాదు ప్రకారమైతే కిలో బరువుకు పది లక్షల చొప్పున, అంటే 60 కిలోల మనిషికి ఆరు కోట్ల కణాలను, ఒకేసారి ఎక్కిస్తారు. అంతకు ముందు కొద్ది రోజుల పాటు ఫ్లూడరబిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే క్యాన్సర్ మందులు ఇచ్చి, ఒంట్లో ఉన్న లింఫు కణాలను తగ్గించి వీటికి చోటు చేస్తారు. ఎక్కించిన కణాలు శరీరంలో విపరీతంగా పెరిగి, బి కణాలను వెతికి చంపుతాయి. ఆ 15 మందిలో బి కణాలు మళ్లీ కనిపించడానికి సగటున 112 రోజులు పట్టింది. తిరిగి వచ్చినవి చాలావరకు లేతవి, పాత జబ్బు జ్ఞాపకం లేనివి. ఈ పరిశోధకుల ఆశంతా ఇక్కడే ఉంది.

మీ జబ్బులో బి కణాల పాత్ర ఎంత అన్నదే అసలు ప్రశ్న. మీకు ఆర్‌.ఎఫ్‌., యాంటీ సీసీపీ పాజిటివ్ అంటే, మీ బి కణాల సంతతి మీ ఒంటి మీదికే యాంటీబాడీలను వదులుతోందని అర్థం. ఆ లెక్కన కార్-టి ఆలోచన మీవంటి వారికి వర్తించడం సహజమే. కానీ కీలు లోపలి పొర ఉబ్బి, ఎముకను కొరికే స్థితికి వచ్చాక అక్కడ పనిచేసేవి బి కణాలు మాత్రమే కావు. మింగే తెల్లకణాలైన మాక్రోఫేజ్‌లు టీఎన్‌ఎఫ్‌ను, ఇంటర్‌ల్యూకిన్-6ను, అంటే వాపును రెచ్చగొట్టే రసాయన సంకేతాలను, గుమ్మరిస్తుంటాయి. కీలు పొరను కట్టే ఫైబ్రోబ్లాస్టులనే కణాలు ఏళ్ల తరబడి వాపులో ఉండి ఉండి, తామే దాడిచేసే గుణం తెచ్చుకుంటాయి. టి కణాలు వీటన్నిటినీ ఎగదోస్తుంటాయి. లూపస్‌లో యాంటీబాడీల కార్ఖానాను మూసేస్తే మంట చాలావరకు ఆగినట్లు కనిపించింది. రుమటాయిడ్‌లో కూడా అలాగే ఆగుతుందో లేదో పరీక్షించి చూడాల్సిందే తప్ప ఊహించి చెప్పేది కాదు.

ఆ పరీక్షలు మొదలయ్యాయి. జర్మనీ, ఇజ్రాయెల్, చైనా దేశాల నుంచి ఒకరిద్దరు, ముగ్గురు రుమటాయిడ్ రోగుల చొప్పున అనుభవాలు ప్రచురితమయ్యాయి. వాపు తగ్గినట్లు, కొందరిలో యాంటీబాడీల స్థాయి పడిపోయినట్లు వాటిలో ఉంది. కణాలు తయారుచేయనక్కర లేకుండా, ఒంట్లో ఉన్న టి కణాలనే బి కణాల మీదికి ఉసిగొల్పే బ్లినటుమొమాబ్ అనే రక్త క్యాన్సర్ (లుకేమియా) మందును తక్కువ మోతాదులో ఆరుగురు మొండి రుమటాయిడ్ రోగులకు ఇచ్చి, 2024లో మంచి ఫలితాలను వెల్లడించారు. బెర్లిన్‌లోని షారిటే ఆస్పత్రి వైద్యులు ఇంకొక అడుగు ముందుకు వేసి, కార్-టి కణాలను, మీ డాక్టరుగారు చెబుతున్న రిటుక్సిమాబ్ తరహా మందుతో నేరుగా పోల్చే పరిశోధనను రూపొందించారు. నాకు అన్నింటికంటే నిజాయితీగా తోచిన ప్రశ్న అదే. నలుగురు రోగులు బాగుపడ్డారన్న కథనం ఎవరైనా రాయగలరు. ఇప్పటికే చేతిలో ఉన్న చవకైన మందు కంటే ఇది మెరుగా కాదా అని అడగడానికి ధైర్యం కావాలి.

పూర్తిగా భిన్నమైన మరో దారి కూడా ఉంది. బి కణాలను చంపడానికి బదులు, రోగనిరోధక వ్యవస్థను శాంతపరిచే నియంత్రక టి కణాలను రోగి నుంచే తీసి, వాటిని కీళ్లలో ఉండే సిట్రులిన్ అనే అమైనో ఆమ్లం చేరిన ప్రొటీన్లను గుర్తుపట్టేలా మార్చి తిరిగి ఎక్కించే ప్రయత్నం అమెరికాలో తొలి దశ పరీక్షలో ఉంది. ఈ నియంత్రక కణాల ఆవిష్కరణకే 2025లో షిమోన్ సకగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు వైద్య నోబెల్ లభించింది. ప్రస్తుతానికి ఇది మీ నిర్ణయాన్ని మార్చే విషయం కాదు.

తొలి దశ పరీక్ష అంటే ఏమిటో ఇంట్లో వారందరికీ స్పష్టంగా తెలియాలి. అందులో చేరిన మనిషికి నయం చేయడం మొదటి ఉద్దేశం కాదు. ఎంత మోతాదు తట్టుకోగలరు, ఏ ప్రమాదాలు వస్తాయి అన్నవే మొదటి ప్రశ్నలు. అందుకే సాధారణంగా కొద్దిమందే ఉంటారు, వారిని పోల్చడానికి మరో వర్గం చాలావరకు ఉండదు. బాగుపడితే సంతోషమే, కానీ వారు అక్కడ ఉన్నది ఆ ప్రశ్నలకు జవాబు దొరకడం కోసం. ఆ తర్వాత రెండో దశలో పనితనం, మూడో దశలో వందలాది మందిలో పోలిక. రుమటాయిడ్‌కు సంబంధించి కార్-టి ఈ మెట్లలో ఇంకా కింది వాటి మీదే ఉంది.

ప్రమాదాల విషయానికి వస్తే, కణాలు పెరిగే రోజుల్లో ఒళ్లు కాలిపోయే జ్వరం, బీపీ పడిపోవడం వంటివి రావచ్చు. సైటోకైన్లనే వాపు రసాయనాలు ఒక్కసారిగా పెరగడం వల్ల వచ్చే దీన్ని సైటోకైన్ల ఉప్పెన అంటారు. ఎర్లాంగెన్ రోగుల్లో పదిమందికి ఇది తేలికపాటిగా వచ్చింది, ఒకరికి కాస్త ఎక్కువగా వచ్చింది, మరొకరు న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరారు. క్యాన్సర్ రోగుల్లో కనిపించినంత తీవ్రత వీరిలో లేకపోవడం ఊరటే. తికమక, మాట తడబడటం వంటి నరాల లక్షణాలు కూడా కొందరిలో వస్తాయి. తెల్లకణాలు తగ్గి అంటురోగాలు సోకుతాయి. మన ప్రాంతంలో అయితే నిద్రాణంగా ఉన్న క్షయ, హెపటైటిస్ బి తిరగబెట్టే భయం అదనం. సైక్లోఫాస్ఫమైడ్ అండాశయాల మీద ప్రభావం చూపుతుంది కాబట్టి, పిల్లలు కావాలనుకునేవారు ముందే ఆలోచించుకోవాలి. జన్యువును శాశ్వతంగా మార్చిన కణాలు కావడంతో, వాటి నుంచే కొత్తగా టి కణాల క్యాన్సర్ పుట్టే అవకాశం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 జనవరిలో అప్పటికి అనుమతి ఉన్న కార్-టి మందులన్నింటి మీదా హెచ్చరిక చేర్చమంది. ఇది అరుదు. కానీ ఇలాంటి చికిత్స పొందినవారిని 15 ఏళ్ల పాటు గమనిస్తూ ఉండాలని పరిశోధకులకు నిబంధన పెట్టారంటే, ఆ అరుదైన దాని గురించి వారికి ఎంత జాగ్రత్త ఉందో ఊహించండి. ప్రాణాంతక లుకేమియా ముందు ఈ ప్రమాదం చిన్నదిగా కనిపిస్తుంది. కీళ్లవాతం ముందు ఆ తూకం అలా ఉండదు.

ఇప్పుడు మీ సొంత కాగితాల దగ్గరకు వస్తాను. నా ఉద్దేశంలో మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం జర్మనీ గురించి రాసింది కాదు. ‘ఖర్చు భరించలేక మధ్యమధ్య మానేస్తూ’ అన్నది. ఐరోపా రుమటాలజీ సంఘం యూలార్ 2021లో ‘చికిత్సకు లొంగడం కష్టమైన రుమటాయిడ్’ అంటే ఏమిటో నిర్వచించింది. మెథోట్రెక్సేట్ వంటి మామూలు మందులు విఫలమయ్యాక, వేర్వేరు పద్ధతుల్లో పనిచేసే కనీసం రెండు ఆధునిక మందులు కూడా విఫలం కావాలి; జబ్బు చురుకుగా ఉన్నట్లు ఆధారాలుండాలి, ఉదాహరణకు స్టెరాయిడ్‌ను రోజుకు 7.5 మిల్లీగ్రాముల కిందికి దించలేకపోవడం; దీన్ని సంభాళించడం కష్టంగా ఉందని వైద్యుడికో రోగికో అనిపించాలి. పైకి చూస్తే మీరు మూడింటికీ సరిపోతారు. కానీ రెండు వారాలకు ఒకసారి వేయాల్సిన అడాలిముమాబ్‌ను మానుతూ వేస్తూ పోతే, రెండు నష్టాలు జరుగుతాయి: రక్తంలో మందు చాలినంత ఉండదు, ఆ మందుకే వ్యతిరేకంగా శరీరం యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. దాన్ని మందు ఓడిపోవడం అనలేం. మీ తప్పు అని కూడా నేను అనను. ఆ ఇంజెక్షన్ ధర చూసినవారెవరూ అనలేరు. కానీ ఆ రెండింటికీ తేడా మీ డాక్టరుగారికి తెలియాలి. మీరు ఎన్ని డోసులు మానేశారో ఆయనకు చెప్పారా? చాలామంది మొహమాటపడి చెప్పరు.

మెథోట్రెక్సేట్ గురించీ ఇదే ప్రశ్న అడుగుతాను. వారానికి ఒక్క రోజు వేసుకునే ఈ మాత్ర వికారం పుట్టిస్తుందని, ఆ రోజు బడి ఉందని, ఇంట్లో శుభకార్యమని దాటవేసేవారు నా దగ్గరకు వచ్చేవారిలో కొల్లలు. మోతాదు 15 మిల్లీగ్రాములు దాటాక మాత్రగా పేగులో సరిగా ఇంకదు. అదే మందును చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇస్తే బాగా పనిచేయడమే కాక వికారం కూడా చాలామందిలో తగ్గుతుంది. అది చవకే. మీకు ఏ మోతాదు దాకా వెళ్లారో ఉత్తరంలో లేదు.

రెండో సంగతి, ఇప్పుడున్న నొప్పి అంతా వాపు వల్ల వస్తున్నదేనా అన్నది. మీ డాక్టరుగారు వేళ్ల మెటికలను, మణికట్లను, మోచేతులను, భుజాలను, మోకాళ్లను ఒక్కొక్కటిగా, తన బొటనవేలి గోరు తెల్లబడేంత ఒత్తిడితో నొక్కి చూసి, 28 కీళ్లలో ఎన్ని నొస్తున్నాయి, ఎన్ని ఉబ్బి ఉన్నాయి అని లెక్క రాసుకునే ఉంటారు. మెత్తగా, నీరు నిండిన రబ్బరులా చేతికి తగిలితే వాపు ఉన్నట్లు. అనుమానం ఉంటే మణికట్టు మీద డాప్లర్‌తో అల్ట్రాసౌండ్ చేస్తే, చురుకైన వాపు ఉన్నచోట రక్తప్రవాహం తెర మీద ఎర్రని మెరుపుగా కనబడుతుంది. ఆ ఎరుపు లేకుండా నొప్పి మాత్రమే ఉంటే, కీలు ఇప్పటికే అరిగిపోయి ఉండవచ్చు, లేదా వాపు లేకుండానే ఒళ్లంతా నొప్పి పెట్టే ఫైబ్రోమయాల్జియా తోడై ఉండవచ్చు. ఆ రెండింటికీ ఎన్ని కోట్ల కణాలు ఎక్కించినా ప్రయోజనం లేదు. మొండి కీళ్లవాతమని మా దగ్గరకు పంపినవారిలో కొందరి విషయంలో మందు మార్చకుండానే దారి దొరుకుతుంది.

ఎరుపు కనిపించిందనే అనుకుందాం. అప్పుడు కూడా మీరు దారి మూసుకుపోయిన చోట లేరు. మీరు వాడినవి టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందు (అడాలిముమాబ్) ఒకటి, వాపు సంకేతాలను కణం లోపలికి చేరవేసే జాక్ ఎంజైములను అడ్డుకునే మాత్ర (టోఫాసిటినిబ్) ఒకటి. బి కణాలను తగ్గించే రిటుక్సిమాబ్, ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకునే టోసిలిజుమాబ్, టి కణాలకు అందే సంకేతాన్ని తెంచే అబటాసెప్ట్: ఈ మూడూ మీరు ముట్టుకోనివే.

టోసిలిజుమాబ్‌కూ కార్-టికీ ఉన్న చుట్టరికం ఇక్కడ చెప్పదగినది. 2012లో ఫిలడెల్ఫియా పిల్లల ఆస్పత్రిలో లుకేమియా ఉన్న ఒక చిన్నారికి కార్-టి కణాలు ఎక్కించాక సైటోకైన్ల ఉప్పెన వచ్చి ప్రాణం మీదికి తెచ్చింది. ఆమె రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 విపరీతంగా పెరిగి ఉందని పరీక్షలో తేలింది. ఆ కణాలను రూపొందించిన శాస్త్రవేత్త కార్ల్ జూన్ కుమార్తెకు బాల్య కీళ్లవాతం ఉండటం వల్ల, ఇంటర్‌ల్యూకిన్-6ను ఆపే కీళ్లవాతం మందు ఒకటి ఉన్న సంగతి ఆయనకు తెలుసు. అది ఇవ్వగానే పాప గట్టెక్కింది. ఐదేళ్ల తర్వాత అమెరికాలో మొదటి కార్-టి మందుకు అనుమతి వచ్చిన రోజునే, ఉప్పెనకు విరుగుడుగా టోసిలిజుమాబ్‌కూ అనుమతి వచ్చింది. కొవిడ్ రెండో దశలో మన ఊళ్లలో బంధువుల కోసం అందరూ వెతుక్కున్న ఇంజెక్షన్ ఇదే. కార్-టిని సాధ్యం చేసిన ఆ మందు మీ జబ్బుకు వాడేదే, మీరు దాన్ని ఇంకా ఒక్కసారైనా వాడలేదు.

రిటుక్సిమాబ్ వేయించుకుంటే అర్హత పోతుందా అన్న మీ భయానికి జవాబు: సాధారణంగా పోదు. ఇలాంటి పరీక్షల్లో చేర్చుకునే ముందు వేర్వేరు తరహాల మందులు విఫలమైనట్లు ఆధారాలు అడుగుతారు, కాబట్టి రిటుక్సిమాబ్ వాడి ఉండటం చాలాచోట్ల అడ్డంకి కాదు. కాకపోతే చివరి డోసుకూ పరీక్షకూ మధ్య కొన్ని నెలల ఎడం ఉండాలంటారు. రెండూ గురిపెట్టేది బి కణాలనే కదా అని మీకు అనిపించవచ్చు. తేడా లోతులో ఉంది. రిటుక్సిమాబ్ రక్తంలోని బి కణాలను తుడిచేస్తుంది కానీ లింఫు గ్రంథుల్లో, కీలు పొరల్లో దాగినవాటిలో చాలావాటిని వదిలేస్తుంది. కార్-టి తర్వాత లింఫు గ్రంథి ముక్క తీసి చూసినప్పుడు అక్కడ కూడా బి కణాలు కనిపించలేదు. 2004లో ప్రచురితమైన రిటుక్సిమాబ్ తొలి పెద్ద పరీక్షలో 161 మంది పాల్గొన్నారు. 24 వారాల తర్వాత లక్షణాలు సగానికి తగ్గినవారు మెథోట్రెక్సేట్ ఒక్కటే వాడినవారిలో 13 శాతం ఉంటే, రెండూ కలిపి వాడినవారిలో 43 శాతం ఉన్నారు. యాంటీబాడీలు పాజిటివ్‌గా ఉన్నవారిలో ఇది మెరుగ్గా పనిచేస్తుందని తర్వాతి అనుభవం చెబుతోంది, మీరు ఆ కోవలోకే వస్తారు. అంతేకాదు, ఈ మందుకు మనకు దగ్గరి సంబంధం ఒకటి ఉంది: హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లోనే దీని దేశీయ రూపాన్ని తెచ్చింది. అప్పటినుంచి ఇంకా కొన్ని కంపెనీలు రావడంతో, రెండు వారాల తేడాతో రెండుసార్లు ఎక్కించే ఈ మందు, నెలనెలా వేయాల్సిన ఇతర ఇంజెక్షన్ల కంటే ఏడాది లెక్కలో చాలామందికి తేలికగా పడుతోంది. మానుతూ వేయాల్సిన పరిస్థితి మళ్లీ రాకూడదంటే ఈ లెక్క మీకు ముఖ్యం.

కాబట్టి మీ డాక్టరుగారి సలహాను నేను సమర్థిస్తున్నాను. ఎక్కించే ముందు హెపటైటిస్ బి పరీక్షలు, క్షయ పరీక్ష, రక్తంలో ఇమ్యునోగ్లోబులిన్ల (యాంటీబాడీల) స్థాయి చూపించుకోండి. న్యుమోనియా, ఫ్లూ టీకాలు కొన్ని వారాల ముందే వేయించుకోండి, ఎందుకంటే బి కణాలు లేని రోజుల్లో వేసే టీకా చాలావరకు వృథా. ఫలితం తెలియడానికి మూడు నుంచి నాలుగు నెలలు పడుతుంది. మొదటి నెలలోనే పనిచేయలేదని నిరుత్సాహపడవద్దు. ప్రెడ్నిసొలోన్‌ను మీ అంతట మీరు ఒక్కసారిగా మానవద్దు, వాపు తగ్గుతున్న కొద్దీ ఆయన చెప్పినట్లు కొద్దికొద్దిగా తగ్గించాలి. రెండో అభిప్రాయం కావాలనుకుంటే హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది, ప్రయివేటు ఆస్పత్రి ఖర్చు లేకుండా చూపించుకోవచ్చు.

ఇక ఆరు లక్షల కేంద్రం. మన దేశంలో కార్-టి లేదని కాదు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి లభించింది, 2024 ఏప్రిల్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దాన్ని ఆవిష్కరించారు. అమెరికాలో కోట్లలో ఉండే చికిత్సను ముప్పై, నలభై లక్షల రూపాయల స్థాయికి తెచ్చినందుకు దానికి అంత పేరు వచ్చింది. కానీ ఆ అనుమతి బి కణాల రక్త క్యాన్సర్లకు, అదీ ఇతర చికిత్సలు విఫలమైనవారికి మాత్రమే. దేశంలో చవకగా తయారుచేస్తున్నవారికే అంత ఖర్చవుతుంటే, ఆరు లక్షలకు ఇస్తామంటున్నది కార్-టి అయ్యే అవకాశం లేదు. సాధారణంగా ఇలాంటిచోట్ల జరిగేది రక్తం తీసి, ఎన్‌కే కణాలనో (ఒక రకం తెల్లకణాలు) మూలకణాలనో చెప్పి, కొన్నాళ్లు పెంచామని తిరిగి ఎక్కించడం. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, ఎముక మజ్జ మార్పిడి వంటి స్థిరపడిన రక్తవ్యాధి చికిత్సలు తప్ప, మూలకణాలను వాడటం అనుమతి పొందిన పరిశోధనలో భాగంగానే జరగాలి, డబ్బు తీసుకుని చేసే చికిత్సగా కాదు.

‘మేమూ పరిశోధనే చేస్తున్నాం’ అని వారు అంటే, మర్యాదగా రెండు సంగతులు అడగండి. మొదటిది, భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో వారి నమోదు సంఖ్య. ఈ రిజిస్ట్రీలో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు, 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి. అయితే నమోదు ఉన్నంత మాత్రాన ప్రభుత్వం అనుమతించిందని కాదు, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి, నైతిక కమిటీ ఆమోదం వేరుగా ఉండాలి. రెండోది, డబ్బు ఎందుకు తీసుకుంటున్నారని. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ పరీక్షల నియమాల ప్రకారం, పరీక్ష వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించి నష్టపరిహారం చెల్లించాల్సింది పరీక్ష నిర్వహించేవారు. మీ ఒంటి మీద ప్రయోగం జరుగుతుంటే మీరే ఫీజు కట్టడం ఏ న్యాయం? వారు ఇచ్చే జవాబుతోనే మీకు విషయం అర్థమైపోతుంది. మరో మాట: అక్కడ ఏది ఎక్కిస్తారో మీకు తెలియకపోతే, రేపు నిజమైన కణచికిత్స పరీక్షలో ‘ఇంతకు ముందు కణచికిత్స పొందారా’ అన్న ప్రశ్నకు అవునని రాయాల్సి వస్తుంది. చాలా పరీక్షల్లో అక్కడితో దరఖాస్తు ఆగిపోతుంది. అర్హత పోతుందని మీరు రిటుక్సిమాబ్‌ను చూసి భయపడుతున్నారు. భయపడాల్సింది దీన్ని చూసి.

జర్మనీ వెళ్లడం గురించి చెప్పాలంటే, నేను ఆశ పెట్టను. అక్కడి పరీక్షలు మామూలుగా అక్కడే నివసించేవారిని, లేదా ఏళ్ల తరబడి తనిఖీలకు రాగలిగినవారిని తీసుకుంటాయి. మొదట్లో వారాల పాటు ఆస్పత్రి దగ్గరే ఉండాలి. సందర్శక వీసా మీద తమ్ముడి ఇంట్లో ఉండి చేయించుకునే పని కాదిది. కణాలు తీసే ముందు స్టెరాయిడ్లనూ ఇతర మందులనూ తగ్గించమంటారు, ఎందుకంటే అవి టి కణాలను నీరసపరుస్తాయి. ప్రస్తుతం 10 మిల్లీగ్రాముల మీద నడుస్తున్న మీరు ఆ తగ్గింపును ఎలా తట్టుకుంటారో ఆలోచించండి. పరాయి భాషలో రాసిన, పదుల పేజీల సమ్మతి పత్రాన్ని చదివి సంతకం చేయడం కూడా చిన్న విషయం కాదు.

మీ తమ్ముడు చేయగలిగిన మంచి పని ఒకటి ఉంది. షారిటే పరిశోధన ఫలితాలు పూర్తిగా వెలువడినప్పుడు, రిటుక్సిమాబ్ తరహా మందుతో పోలిక ఎటు తేలిందో చూసి మీకు చెప్పమనండి. వ్యక్తుల కథల కన్నా ఆ ఒక్క జవాబు మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. ఈలోగా మీరు ఒక నోటుపుస్తకంలో తొమ్మిదేళ్లలో వాడిన ప్రతి మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన నెల, ఆపిన నెల, ఎందుకు ఆపారో (పనిచేయక ఆపారా, పడక ఆపారా, డబ్బు లేక ఆపారా) రాయండి. ఆ మూడో కారణం దగ్గర మొహమాటపడకండి. యాంటీ సీసీపీ విలువ, చేతుల ఎక్స్‌రేలు తేదీల వారీగా దానికి జతచేయండి. రిటుక్సిమాబ్ ఎక్కించే ముందు మీ డాక్టరుగారికి ఈ పట్టికే కావాలి. రేపు మన దేశంలోనే రుమటాయిడ్‌కు కార్-టి పరీక్ష మొదలైతే, అక్కడివారు మొదట అడిగేదీ ఇదే.